సూత్రంలో జారిపోయిన రెండు

కథలూ బొమ్మలూ లేని పుస్తకాన్ని నేను. ఒళ్లంతా అంకెల పట్టికలే. గణితం డిగ్రీ చివరి ఏడాదిలో యాంత్రికశాస్త్రం, గణాంకశాస్త్రం కలిపి ఒకే పేపరు. ఆ పరీక్ష రోజున కాలేజీ ముద్ర వేసిన నన్ను విద్యార్థుల చేతికిస్తారు, మూడు గంటలయ్యాక లాక్కుంటారు. అవసరం తీరాక నా మొహం ఎవరు చూస్తారు!

ఇరవై రెండేళ్ల కిందట ఒకడు పరీక్షకు ముందే నన్ను దొంగచాటుగా తీసి, పైకి విసిరిన బంతి ఎంతసేపటికి నేలకు చేరుతుందో చెప్పే సూత్రాన్ని నా ఆఖరి పేజీ అంచున పెన్సిలుతో రాసుకున్నాడు. కాపీ కొట్టడానికే, ఇంకెందుకు! కంగారులో అందులోని ‘రెండు’ వదిలేశాడు. ఆ లెక్కన బంతి శిఖరం దాకా వెళ్తుంది, కిందికి మాత్రం రాదు. పాపం, ఆ ఏడాది పరీక్ష తప్పాడు.

మొన్నటి సప్లిమెంటరీలో పైడితల్లి అనే అమ్మాయి చేతికొచ్చాను. తోటివాళ్లంతా పాసై వెళ్లిపోయారు. ముప్పై బల్లల గదిలో ఆ పిల్లొక్కతే. ఈసారీ తప్పితే చదువు మానిపించేస్తారని కాపలా ఉన్న సన్యాసిరావు మాస్టారితో చెప్పుకుంటుంటే విన్నాను.

పరీక్ష ముగుస్తుందనగా తనిఖీ అధికారి వచ్చి నన్ను గబగబా తిరగేశాడు. ఆ రాత కంటపడింది.

“ఏటమ్మా ఇది? పరీక్షలు రాయకుండా మూడేళ్లు డిబారే!”

“ఒట్టు సార్, నాను రాయనేదు!” అని ఏడ్చేసింది పిల్ల.

నాకు నోరుంటేనా!

సన్యాసిరావు వంగి చూశాడు. మొహం పాలిపోయింది. ఆనాటి విద్యార్థి ఆయనే మరి. నోరు మెదపకపోతే ఆయన పరువుకేం ఢోకా లేదు, పిల్ల చదువే పోతుంది. సుద్దముక్క తీసి బోర్డు మీద అదే సూత్రం, అవే వంకర అక్షరాలతో రాశాడు.

“అది నా రాతండి, నేను చదువుకున్నప్పటిది. అందులో రెండు లేదు. ఆ పిల్ల జవాబులో ఉంది, చూడండి.”

అధికారి అన్నీ పోల్చి చూసి ఆమెను వదిలేశాడు. పైడితల్లి పాసైంది. రాతలున్న పుస్తకం పరీక్షకు పనికిరాదని నన్ను బీరువాలో పడేసి తాళం వేశారు. నేనేం పాపం చేశానో! చెదపురుగైనా పలకరించదు.

ఒక మధ్యాహ్నం తాళం చప్పుడైంది. సన్యాసిరావు! ఆ గీతల్ని చెరిపేస్తాడేమోనని నా గుండె గుభేలుమంది. మనిషి చేయి నాకంటూ రాసిపెట్టింది అదొక్కటే. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, వదిలేసిన చోట రెండు రాసి, నన్ను మూసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. బంతి మాత్రం ఇన్నేళ్లకు కిందికి దిగింది.