తోడు పేరు రాసే గడి

ఊళ్లోని ఎత్తైన భవనాలన్నిటికీ ఆయన ‘లిఫ్టాయన’. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపలివాళ్లకు ఆయనే దేవుడు. తలుపు తెరుచుకోగానే ఆ దేవుణ్ణి పక్కకు జరగమని, వాచీ చూసుకుంటూ వెళ్లిపోయేవారు. ముప్పై ఏళ్లలో ఆయన ఎక్కని అంతస్తు లేదు, కాసేపు కూర్చున్న ఇల్లూ లేదు. పెళ్లి మాట వాయిదా పడీ పడీ చివరకు మాసిపోయింది. ఒంటికాయ శొంఠికొమ్ములా రెండు గదుల ఇంట్లో ఉంటూ ఉంటూ యాభై నాలుగేళ్లవాడయ్యాడు.

అప్పుడు కిడ్నీలు మొరాయించాయి. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు డయాలసిస్ మెషీను పక్కన పడుకోవాలి. రోజుకు మూడు గ్లాసులకు మించి నీళ్లు తాగకూడదు. పక్క మంచాలవాళ్లకు భార్యో కొడుకో తోడొచ్చి కూర్చునేవారు. ఈయన సంచీకి ఈయనే కాపలా. అయినా రెండేళ్లలో ఒక్క రోజూ మానలేదు.

చనిపోయినవారి కిడ్నీ అమరుస్తారని డాక్టరు పెద్దాసుపత్రికి పంపింది. రక్తం, గుండె, ఊపిరితిత్తులు, అన్ని పరీక్షలూ గట్టెక్కాయి. ఆఖరున కౌన్సెలర్ గదిలో ఒక కాగితం చేతికిచ్చారు. ‘ఆపరేషన్ తరువాత మూడు నెలలు దగ్గరుండి చూసుకునేవారి పేరు, సంతకం’ అని దాని మీద ఒక గడి ఉంది. ఆయన దాని వంక చూస్తూ నీళ్లు నమిలాడు. పెన్ను లేదేమో అనుకుని కౌన్సెలరమ్మ తన పెన్ను చాపింది.

“పెన్ను ఉందండీ,” అన్నాడాయన. “ఉన్నది అదొక్కటే.”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. వేళ తప్పకుండా గుప్పెడు మాత్రలు వేసుకోవాలనీ, అవి తప్పితే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని తరిమేస్తుందనీ, జ్వరం తగిలితే అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలనీ నెమ్మదిగా వివరించింది. తోడెవరూ లేనివాళ్లను ఎదురుచూసేవాళ్ల జాబితాలో చేర్చరట. కమిటీ నియమమట. నెల రోజుల గడువిచ్చింది.

ఆయన ముందు పనిలో జతగాడిని అడిగాడు. ఇరవై ఏళ్లు ఒకే తాడు పట్టుకుని పనిచేసినవాడు. కానీ అతని భార్యే మంచం మీద ఉంది. కింది అంతస్తులోని రిటైరైన టీచరమ్మ సరేనంది. మర్నాడు ఆవిడ కూతురు ఫోను చేసి, అమ్మకే ఒకరి సాయం కావాలని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయనకు కోపం రాలేదు. పనిముట్ల సంచీ లేకుండా తను ఎవరి గడపా తొక్కలేదని మాత్రం తోచింది.

ఇక మిగిలింది చెల్లెలు. ఇద్దరికీ మాటలు లేక పదకొండేళ్లయింది.

అప్పట్లో ఆమె భర్త మెట్ల మీంచి జారిపడి తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరాడు. మూడో రోజు డాక్టర్లు మెదడు పూర్తిగా చచ్చిపోయిందన్నారు. మెషీను ఊపిరి ఊదుతోంది కాబట్టి గుండె కొట్టుకుంటోంది, అంతే. అవయవాలు ఇస్తే ఐదుగురు బతుకుతారన్నారు. మెషీన్లు బాగుచేస్తూ బతికినవాడు గనుక అన్నకు ఆ మాట వెంటనే అర్థమైంది. చెల్లెలికి కాలేదు. ఒక్క రోజు ఆగమని బతిమాలింది. ఆలస్యమైతే ఎవరికీ పనికిరావని ఆయన పెన్ను ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. అరగంటలో సంతకాలన్నీ అయిపోయాయి.

ఆమె బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంది. ఆయన వెళ్లేసరికి పరదా అంచు కుడుతోంది. తల ఎత్తి చూసింది, కుట్టు ఆపలేదు. ఆయన వచ్చిన పని చెప్పి కాగితం బల్ల మీద పెట్టాడు. అప్పుడు మిషను ఆగింది.

“నేను సంతకం పెట్టేప్పుడు ఆయన చెయ్యి వెచ్చగానే ఉందిరా అన్నయ్యా,” అందామె. “తప్పు చేయించావని అనను. ఐదుగురు బతికారు, నాకు తెలుసు. కానీ నువ్వు నన్ను ఒక్క పూట కూర్చోనివ్వలేదు.”

ఆమె కాగితం లాక్కుని గడిలో సంతకం చేసింది.

“ఇదిగో. కానీ నేను రాను.”

నలగకుండా ఆ కాగితం పట్టుకుని ఆయన ఆసుపత్రికి వెళ్లాడు. ఇచ్చేస్తే సరిపోయేది, ఎవరూ ఇల్లు వెతుక్కుంటూ రారు. కానీ కౌన్సెలరమ్మ ఎదుట కూర్చున్నాక అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“సంతకం ఉందండీ,” అన్నాడు. “మనిషి లేదు.”

కమిటీలో ఆ రోజు పెద్ద వాదనే జరిగిందని తరువాత ఆవిడే చెప్పింది. పెద్ద సర్జను ఒప్పుకోలేదు. ఒక్క కిడ్నీకి వందమంది ఎదురుచూస్తున్నప్పుడు, చూసుకునే దిక్కులేనివాడికిచ్చి పోగొడితే ఇచ్చిన కుటుంబానికి ఏం చెప్పుకుంటామన్నాడు. అదీ కొట్టిపారేసే మాట కాదు. లిఫ్టాయన డయాలసిస్ డాక్టరు మాత్రం పట్టు వదల్లేదు. ఒంటరితనం జబ్బు కాదంది. తోడు లేనివాళ్లకు అమర్చిన కిడ్నీలే త్వరగా పాడవుతాయని ఇటీవలి పరిశోధనల్లో గట్టి రుజువు దొరకలేదని కాగితాలు పరిచి చూపింది. రెండేళ్లలో ఒక్క పూటా మానని మనిషి మాత్రలు మానతాడా అని అడిగింది. చివరకు రోజూ నర్సు ఫోను చేసి కనుక్కునే షరతు మీద ఆయన్ను జాబితాలో చేర్చారు.

ఏడు నెలలకు, ఒక మధ్యాహ్నం, కిడ్నీ దొరికిందని పిలుపొచ్చింది. గ్యాసు కట్టేసి, కిటికీలు మూసి, ఇంటికి తాళం వేసుకుని ఆయనే బయలుదేరాడు. ఎవరికి కబురు చేయాలని ఆసుపత్రిలో అడిగితే చెల్లెలి నెంబరు ఇచ్చాడు. అంతకుమించి ఆయనకు నోటికి వచ్చిన నెంబరు లేదు.

ఆపరేషన్ అయి మెలకువ వచ్చాక నర్సు చెప్పింది. ఫోను చేసిందట. చెల్లెలు అంతా విని ఒక్కటే అడిగిందట: కిడ్నీ ఇచ్చినవాళ్లకు ఆలోచించుకోవడానికి టైమిచ్చారా అని.

ఆ ప్రశ్న కుట్ల నొప్పికన్నా ఎక్కువ సలిపింది. కౌన్సెలరమ్మను అడిగితే, ఇచ్చినవారి సంగతులేవీ చెప్పకూడదంది. రెండు వారాలకు టాక్సీలో ఒక్కడే ఇల్లు చేరాడు.

ఇంటి పనికన్నా మాత్రల పనే పెద్దదైంది. రోజూ ఎనిమిదింటికి నర్సు ఫోను చేసి జ్వరం, బరువు, వచ్చిన మూత్రం లెక్క రాసుకునేది. ఇప్పుడు మూడు లీటర్ల నీళ్లు తాగాలట. రెండేళ్లకు పైగా చుక్క చుక్కకూ తడుముకున్నవాడికి అది పండగే. ఒంట్లోంచి నీరు మామూలుగా బయటికి పోవడం ఎంత సంతోషమో ఎవరితోనైనా చెప్పాలని ఉండేది. అలాంటి మాట ఎవరితో చెప్పుకుంటాడు? నర్సుకు అంకెలే చెప్పేవాడు.

ఇంటికొచ్చిన ఐదో రోజు చెల్లెలికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఎత్తింది. వెనక ఎవరో గుడ్డ చింపుతున్న చప్పుడు వినిపించింది.

“నువ్వడిగింది కనుక్కుందామని చూశానమ్మా,” అన్నాడు. “చెప్పరట.” చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. “ఆ రోజు నీకు టైమివ్వాల్సింది. ఐదుగురి సంగతి నిజమే. అయినా ఇవ్వాల్సింది.”

గుడ్డ చింపుతున్న చప్పుడు ఆగింది. పెట్టేసిందేమోనని ఆయన ఫోను చూసుకున్నాడు. పెట్టలేదు.

“జ్వరం లేదు కదా?” అంది చివరకు.

“లేదు.”

“సరే,” అని పెట్టేసింది.

వస్తాననలేదు, మళ్లీ చేయమనీ అనలేదు. పదింటి మాత్రకు ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. ఆయన గోడ గడియారం వైపు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.