ఇద్దరిలో ఒకడు

ముహరెమ్ ఆ లెక్కను నాలుగోసారి నడిపిస్తున్నాడు. కళ్ళద్దాల కాడకు దారం చుట్టి ఉంది, కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. తూజ్లా పట్టణంలోని ఈ ప్రయోగశాలలో పంతొమ్మిదేళ్ళుగా అతని పని ఒకటే: ఎముకల్లోని డి.ఎన్.ఎ.ని తల్లిదండ్రుల నెత్తురుతో పోల్చి, ఎవరి బిడ్డో తేల్చడం. పదోన్నతి లేదు, ఫిర్యాదూ లేదు.

"మళ్ళీ అదేనా? కంప్యూటరే విసుక్కుంటుందండీ," అంది పక్క బల్ల అజ్రా.

జవాబు మారలేదు. యుద్ధకాలపు గుంతలో దొరికిన ఆ ముంజేతి ఎముక ఎవరో పరాయివాడిది కావడం కంటే, జుమ్రా అనే ముసలామె కొడుకుది కావడానికే నలభై లక్షల రెట్లు ఎక్కువ అవకాశం. కానీ ఆ యుద్ధంలో జుమ్రాకు మాయమైంది ఇద్దరు కొడుకులు. హజిమ్‌కీ నెదిమ్‌కీ పదకొండు నెలలే తేడా. ఇద్దరికీ పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. ఇల్లు తగలబడింది గనక, ఒక వెంట్రుకైనా దొరకడానికి వాళ్ళ దువ్వెన కూడా మిగల్లేదు. అమ్మానాన్నల నెత్తురు ఎవరి బిడ్డో చెబుతుంది గానీ, ఏ బిడ్డో చెప్పదు. పాడు లెక్క అక్కడే ఆగిపోతుంది.

ప్రతి గురువారం జుమ్రా తెల్ల తలగుడ్డ కట్టుకుని, పదకొండు గంటల బస్సు దిగి, పళ్ళెం నిండా బంగాళాదుంప కూరి కాల్చిన పీటా రొట్టె తెచ్చేది. పోయిన వారం పళ్ళెం బల్ల మీద పెట్టి అడిగింది.

"సమాధిరాతి మీద ఏ పేరు చెక్కించను, నాయనా?"

"తెలీదమ్మా."

"ఏదో ఒకటి చెప్పు. నువ్వు చెబితే నమ్మేస్తాను. ఇంకెన్నాళ్ళుంటాను గనక?"

ముహరెమ్ నోరు తెరిచాడు. హజిమ్ అంటే చాలు, ఆ ప్రాణం కుదుటపడేది. రేపు రెండోవాడి ఎముకలు దొరికి, వాటి పక్కన హజిమ్ పేరున్న కార్డు ఉంటే? "చెప్పలేనమ్మా," అన్నాడు.

"సరేలే. వేడి మీద తిను," అంది ఆమె.

ఆ ఊళ్ళో ఎవరి పళ్ళేన్నీ ఖాళీగా తిరిగివ్వరు. ముహరెమ్ ఈసారి ఒక పేరుతో తిరిగివ్వాలనుకున్నాడు.

ఈ గురువారం పదకొండు గంటల బస్సు వచ్చి వెళ్ళిపోయింది, జుమ్రా దిగలేదు. మధ్యాహ్నం ఫోను మోగింది.

"జుమ్రత్త పక్కింటిదాన్నండీ. మంగళవారం నిద్రలోనే పోయింది. నిన్న మట్టి చేశాం. మీరు ఎదురుచూస్తారేమోనని."

"ఆమె సమాధి పక్కన జాగా ఉందా?"

"కొడుకులిద్దరికీ వదిలామండీ."

ముహరెమ్ ఆ ఎముక గుర్తింపు కాగితం మీద, పేరు రాయాల్సిన చోట, 'జుమ్రా కొడుకు' అని రాసి సంతకం పెట్టాడు. ఏడుపొచ్చింది. అజ్రా చూడనట్టు తల తిప్పుకుంది.

సాయంత్రం దీపాలార్పి ఇంటికి వెళ్ళాడు. ప్రయోగశాల కిటికీ గట్టు మీద, తోమి తుడిచిన జుమ్రా పళ్ళెం ఖాళీగానే ఉంది.