ఐదో ఉత్తరం

చీమల వీపు మీద రంగు చుక్కలు పెట్టడం ఆమె పని. మైక్రోస్కోపు కింద, ఊపిరి బిగబట్టి, సన్నని తీగ కొసతో ఒక్కో చీమకు రెండేసి చుక్కలు. ఎరుపు, పసుపు ఉంటే పన్నెండో నంబరు. నీలం, తెలుపు ఉంటే నలభయ్యోది. ఏ చీమ ఎటు పోయింది, తిండి దొరికాక ఎవరికి దారి చూపించింది అని రాసుకుంటూ ఉండగానే ఆరో ఏడు వచ్చిపడింది. డిపార్ట్‌మెంటులో ఆమెకు చుక్కలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. ఆమె ఉండేది అక్కావాళ్లింట్లో. మా మరదలికి డాక్టరేటు వచ్చేలోపు ఆ చీమలకు మునిమనవలు పుడతారని బావ అన్నం తింటున్నప్పుడల్లా అనేవాడు. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత తర్వాత ఆమే నవ్వేసేది.

ఆమె గైడుని అందరూ చీమల సారు అంటారు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, నడక ఎక్కువ. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న మూత ఉన్న సీసా ఉంటుంది, దారిలో ఏ చీమ కనపడినా పట్టుకోవడానికి.

ఆ ఏడు యూనివర్సిటీవాళ్లు కొత్తగా ఒక పురస్కారం పెట్టారు. పరిశోధక విద్యార్థులను చేయిపట్టి నడిపించిన ప్రొఫెసర్లకు ఇస్తారట. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, ఎన్ని ప్రాజెక్టులు తెచ్చారు అన్నది చూడరు. విద్యార్థులతో ఎలా ఉన్నారన్నదే చూస్తారు. నోటీసు గోడకెక్కిన రోజే అది మూడో అంతస్తు ప్రొఫెసరుగారిదేనని అందరూ తేల్చేశారు. ఆయన దగ్గర ముప్పై ఎనిమిదిమంది డిగ్రీలు తీసుకున్నారు. వాళ్ల ఫొటోలతో ఆయన గది బయట గోడ నిండిపోయి, పక్కగది గోడ మీదికి కూడా పాకింది. చీమల సారు పేరు ఎవరి నోటా రాలేదు.

చుక్కలమ్మకు మాత్రం అంతకుముందు ఏడాది సంగతి కళ్లముందే ఉంది. ల్యాబులో రెండేళ్లపాటు కంటికి రెప్పలా చూసుకున్న చీమల పుట్ట ఒకటి, బూజు పట్టి వారంలో చచ్చిపోయింది. రాణీ పోయింది, పిల్లలూ పోయాయి. రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరయింది. ఇక చాలు, మానేద్దామని ఆ రాత్రే అక్కతో చెప్పేసింది. సారు తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. మర్నాడు పొద్దున్నే ఆరింటికి చిన్న గునపం, నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని అక్కావాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త రాణిని వెతకడానికి వెళ్దాం పద అన్నాడు, అంతే. పదకొండు రోజులు పొలం గట్లమ్మట, రైలు కట్టలమ్మట తిరిగారు. దారంతా ఆయన తను చదువుకునే రోజుల్లో చేసిన తప్పులే చెప్పాడు. ఒకసారి డబ్బా మూత పెట్టడం మర్చిపోతే చీమలన్నీ వాళ్ల గైడు కోటులో కాపురం పెట్టాయట. పన్నెండో రోజు ఒక రాతి కింద రాణి దొరికింది. మానేద్దామనుకున్న మాట ఎప్పుడు మర్చిపోయిందో ఆమెకే తెలీదు.

అందుకే ఫారం తెచ్చుకుంది. నిబంధనల ప్రకారం పేరు ప్రతిపాదించడం ఎవరైనా చేయొచ్చు కానీ, ఉత్తరాలు మాత్రం పాత విద్యార్థులే రాయాలి. ఇప్పుడు చదువుతున్నవాళ్లు రాస్తే మొహమాటానికి రాస్తారని కాబోలు. ఐదు ఉత్తరాలు కావాలి. ఇరవయ్యేళ్లలో సారు దగ్గర డిగ్రీ అందుకున్నది నలుగురే. నలుగురికీ రాసింది, నలుగురూ పది రోజుల్లో పంపారు. ఐదో ఉత్తరం ఎక్కణ్ణుంచి తేవాలి?

ల్యాబ్ బీరువాలో అడుగున ఉన్న పాత రిజిస్టరు తీసి చూసింది. అందులో సారు చేతిరాతతో ఇంకొక పేరు ఉంది. దాని పక్కన, 'మూడో ఏట మానేశాడు' అని. అప్పటికి తొమ్మిదేళ్లయింది. నలుగురిలో ఒకాయనకు ఫోన్ చేస్తే, అతను ఇప్పుడు మైక్రోస్కోపులు బాగుచేసే మెకానిక్ అని, ఆసుపత్రి వెనక సందులో షాపని చెప్పాడు.

షాపు అంటే పెద్దదేం కాదు. ఒక మేడ మెట్ల కింద, ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటుండదు. బల్ల మీద కడుపులు విప్పిన మైక్రోస్కోపులు వరసగా ఉన్నాయి. సీసా మూతల్లో ఆవగింజలంత మరలు, ఏ మూతలోవి ఆ మూతలోనే. మెకానిక్‌కి ముప్పై ఐదేళ్లుంటాయి. సారు పేరు వినగానే కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. ముందు సారు ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఇంకా అంతంత దూరం నడుస్తున్నారా అని అడిగాడు. ఆమె వచ్చిన పని చెప్పేసరికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. చదువు మధ్యలో వదిలేసినవాడు రాస్తే సారుకి పరువు తక్కువన్నాడు.

ఆమె కదల్లేదు. ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. అతనికీ చెప్పుకునే మనిషి దొరక్క ఎన్నాళ్లయిందో, మెల్లగా మొదలుపెట్టాడు.

మూడో ఏడు వచ్చేసరికి అతనికి ఒక్క వాక్యం కూడా రాయబుద్ధి కాలేదట. రోజూ ల్యాబుకి రావడం, కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం, సాయంత్రానికి అదే తెల్ల కాగితాన్ని సొరుగులో పెట్టి వెళ్లిపోవడం. మధ్యలో ఎవరి మైక్రోస్కోపు మొరాయించినా, ఏ తూకం యంత్రం తప్పు చూపించినా వాటి ముందు కూర్చుంటే మాత్రం అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. ఇంట్లో నాన్న అప్పటికే బంధువులందరికీ మావాడు డాక్టరు కాబోతున్నాడని చెప్పేసుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకరోజు సారు టీ తాగుదాం రమ్మని పిలిచారు.

"సారు ఏమన్నారో నాకు మాట మాటా గుర్తుంది" అన్నాడు మెకానిక్. "మీ ఇంట్లో ఏమనుకుంటారో పక్కన పెట్టు, నేనేమనుకుంటానో కూడా పక్కన పెట్టు. పొద్దున్న లేవగానే నీ చేతులు దేనికోసం వెతుక్కుంటున్నాయో అది చెప్పు అన్నారు. స్క్రూడ్రైవరు కోసం సార్ అన్నాను. అని ఏడ్చేశాను."

ఆ తర్వాతి నెలంతా సారు తన పనులు మానుకుని అతని కోసం తిరిగారట. తనకు తెలిసిన ఒక ముసలి మెకానిక్ దగ్గర పనిలో కుదిర్చారు. వాళ్ల నాన్నకు చెప్పడానికి తనే ఇంటికి వెళ్లారు. ఆ పెద్దాయన నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాడు. నా కొడుకు బతుకు బుగ్గిపాలు చేశావన్నాడు. సారు నిలబడే అన్నీ విన్నారు, ఒక్కమాట ఎదురు చెప్పలేదు. గుమ్మం దాటుతూ, మీ అబ్బాయి చేతుల్లో విద్య ఉందండీ అని మాత్రం అన్నారు.

మరి ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా వెళ్లి కలవలేదా అని ఆమె అడిగింది.

"ఏ మొహం పెట్టుకుని కలవను, చెల్లెమ్మా? మూడేళ్లు ఆయన చేత పాఠం చెప్పించుకుని, చేతికి ఒక్క కాగితం కూడా ఇవ్వకుండా వచ్చేసినవాణ్ణి. గేటు దాకా రెండుసార్లు వచ్చాను. వెనక్కి తిరిగిపోయాను."

ఆమె ఖాళీ ఫారం బల్ల మీద పెట్టి, రాయడం రాయకపోవడం మీ ఇష్టం అని చెప్పి వచ్చేసింది. ఐదో రోజున కవరు వచ్చింది. ఒకటే పేజీ.

పరిశోధన విభాగం ఆఫీసులో పురస్కారం ఫైళ్లు చూసేది ఒకావిడ, సెక్షన్ ఆఫీసరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. కామా తక్కువైనా కాగితం వెనక్కి పంపే మనిషని పేరు. ఆమె ఐదో ఉత్తరం దగ్గర ఆగి, 'డిగ్రీ పొందిన సంవత్సరం' అన్న గడిలో వేలు పెట్టింది. ఖాళీగా ఉందేం అంది. ఉన్న సంగతి చుక్కలమ్మ దాచకుండా చెప్పింది. అయితే కుదరదంది ఆఫీసరు. ఆ ఉత్తరం ఒక్కసారి చదవండి మేడమ్ అంటే, నా పని గడులు చూడటమే గాని ఉత్తరాలు చదవడం కాదంది. గడువు ఇంకా రెండు రోజులే ఉంది. ఫైలు మాత్రం అక్కడే వదిలేసి చుక్కలమ్మ ఇంటికొచ్చింది. ఆ పూట బావ జోకేసినా నవ్వలేదు. అక్క కంచం ముందు పెట్టి, నీ వంతు నువ్వు చేశావు కదే, ముందు తిను అంది.

మర్నాడు పదిన్నరకి ఆఫీసునుంచి ఫోనొచ్చింది. వెళ్తే, ఆఫీసరు ముందు నిబంధనల కాగితం తెరిచి ఉంది.

"ఇలా చూడమ్మాయ్. 'వారి పర్యవేక్షణలో పరిశోధన చేసినవారు' అని ఉంది ఇందులో. పూర్తి చేసినవారు అని లేదు. ఫారంలో ఆ గడి పెట్టింది నేనే, అలవాటు కొద్దీ." ఆమె కళ్లజోడు సవరించుకుంది. "ఏటా మానేసినవాళ్ల ఫైళ్లు కట్టకట్టి అటక మీద పెట్టేదాన్నీ నేనే. ఇన్నేళ్లలో వాళ్లని ఎవరైనా, మీ సారు మీతో ఎలా ఉన్నారూ అని అడగడం ఇదే మొదటిసారి. ఉత్తరం రాత్రి చదివాన్లే. వెళ్లి మీ సారు సంతకం తీసుకురా."

అసలు చిక్కు అక్కడ వచ్చింది. అప్పటిదాకా సారుకి ఏమీ తెలీదు. సంతకం కోసం కాగితాలు ముందు పెట్టగానే, ఎందుకమ్మా ఇదంతా అని నసిగాడు గాని, నలుగురి ఉత్తరాలూ తిరగేస్తుంటే మొహంలో సంతోషం దాగలేదు. ఐదో పేరు చూసేసరికి ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. కలం మూత పెట్టేశాడు.

"ఇతన్ని ఎందుకు అడిగావు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇతన్ని నేనే పంపించేశాను. ఇంకో ఏడాది ఓపిక పట్టి ఉంటే రాసేవాడేమో. తొందరపడ్డానేమో. ఆ తర్వాత మూడేళ్లు కొత్తవాళ్లని తీసుకోవాలంటేనే భయం వేసింది. మంచి గైడుననే కాగితం మీద ఇతని పేరు పక్కన నేను సంతకం పెట్టలేను."

ఆమె వాదించలేదు. చదవండి సార్, చదివి మీకెలా తోస్తే అలా చేయండి అంది. పుట్టలకు చక్కెర నీళ్లు మార్చే నెపంతో వెనక్కి తిరిగింది. సారు చదవడం మొదలుపెట్టాడు.

ఉత్తరంలో ఇలా ఉంది: "నేను వారి దగ్గర డిగ్రీ పూర్తి చేయలేదు. తర్వాత తెలిసి మీరు ఈ కాగితం పక్కన పడేయకుండా ఆ మాట ముందే రాస్తున్నాను. నా చేత ఎలాగోలా నాలుగు అధ్యాయాలు రాయించి పంపేయడం ఆయనకు చేతకాని పని కాదు. అలా చేస్తే ఆయన ఖాతాలో ఒక డిగ్రీ పెరిగేది, నేను జీవితాంతం ఇష్టం లేని గదిలో కూర్చునేవాణ్ణి. ఆయన నన్ను వదులుకున్నారు, నాకోసం మా నాన్న చేత మాటలు కూడా పడ్డారు. ఈరోజు నా షాపులో ఇద్దరు పూటకొకరు వచ్చి పని నేర్చుకుంటున్నారు. వాళ్లకు పని పట్టుబడనప్పుడు నేను కసురుకోను. ఏ పని చేస్తుంటే టైము తెలీడం లేదో చెప్పమంటాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్న చదువు ఇదే. ఇది మధ్యలో వదిలేయలేదు."

సారు రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. తర్వాత లేచి, ఆ షాపు ఎక్కడో చూపించు అన్నాడు. కాగితం మీద సంతకం ఇంకా పెట్టనే లేదు.

ఇద్దరూ ఆసుపత్రి వెనక సందులోకి మలుపు తిరిగారు. మెట్ల కింద మెకానిక్ తల ఎత్తి చూసి, చేతిలో మర జారవిడిచి లేచి నిలబడ్డాడు. సారు వంగి, కింద పడిన మర వెతికి అతని చేతిలో పెట్టి, మా ల్యాబులో రెండు మైక్రోస్కోపులు మసకగా చూపిస్తున్నాయి, ఎప్పుడొస్తావు అని అడిగాడు. రేపే వస్తాను సార్ అన్నాడతను. ఆ మాట అంటూ అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చుక్కలమ్మకు తెలియలేదు. ఇద్దరూ ఆ ఇరుకులోనే ఒక లెన్సు మీద వంగి మాటల్లో పడ్డారు. ఆమె సందు చివర నిలబడి గంటసేపు ఎదురుచూసింది. తిరిగి వచ్చాక సారు సంతకం పెట్టాడు.

పురస్కారం చీమల సారుకే వచ్చింది. మూడో అంతస్తు ప్రొఫెసరుగారి మొహం వారంపాటు ముడుచుకునే ఉంది, అది దాచడమెందుకు. ఆ తర్వాత ఐదో ఉత్తరం సంగతి విని ఆయనే సెక్షన్ ఆఫీసరు దగ్గరికెళ్లి, తన దగ్గర మానేసినవాళ్లు ఎంతమందో, ఇప్పుడెక్కడున్నారో అడిగాడని తెలిసింది. తొమ్మిదిమంది. జాబితా రాయించుకుని తీసుకెళ్లాడట.

సభ రోజున సారుని వేదిక మీదికి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మైకు ముందు నిలబడి అందరికీ నమస్కారం చెప్పి, "నా దగ్గర చదువుకున్నవాళ్లు ఆరుగురు. నేను వాళ్లకు నేర్పిన దానికన్నా వాళ్లు నాకు నేర్పింది ఎక్కువ" అని దిగిపోయాడు. ఆరుగురనేసరికి మూడో వరసలో కూర్చున్న మెకానిక్ తల వంచుకున్నాడు. పక్కన కూర్చున్న వాళ్ల నాన్న కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున ల్యాబు తలుపు దగ్గర కొత్తగా చేరిన లెక్చరరు ఒకామె నిలబడి ఉంది. తన మొదటి విద్యార్థిని రెండు నెలలుగా డిపార్ట్‌మెంటుకి రావడం లేదని, ఫోన్ చేస్తే కట్ చేస్తోందని, ఇలాంటప్పుడు ఏం చేయాలో మిమ్మల్ని అడగమన్నారని చెప్పింది. నాకూ సరిగ్గా తెలీదమ్మా అన్నాడు సారు. ఆ అమ్మాయి ఇల్లెక్కడో కనుక్కుని, చెప్పులు వేసుకున్నాడు. దారిలో మాట్లాడుకుందాం పదండి అంటూ ముందు నడిచాడు.