మా ఆయన ప్రేరణ సిద్ధాంతం

విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆన్‌లైన్ క్లాసుల్లో ఎందుకు నోరు విప్పుతారన్న దాని మీద మా ఆయన పరిశోధన చేస్తున్నారు. ఆయన క్లాసులో మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. తెర నిండా నల్లటి గళ్ళు, వాటి కింద పేర్లు. పడగ్గదిలో బీరువాకి ఆనుకుని గంటసేపు పాఠం చెప్పి, "అర్థమైందా?" అని అడిగితే గోడని అడిగినట్టే.

పిల్లలు ఇలాగే ఉంటే క్లాసు ఎత్తేసి పాత వీడియోలు పెట్టేస్తామన్నారు డిపార్టుమెంటు హెడ్. క్లాసు పోతే ఉద్యోగం పోయినట్టే. నేను ఇంటి ఖర్చుల లెక్కలు మొదలుపెట్టాను. ఆయన మాత్రం సిద్ధాంతం పట్టుకుని వేలాడుతున్నారు.

ఒకరోజు మా దగ్గరే ఉంటున్న మా అమ్మ దుప్పట్లు సర్దడానికి వెళ్ళి, తెరలోకి తొంగి చూసింది.

"ఎవరూ లేరు కదా బాబూ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"అందరూ ఉన్నారత్తయ్యా. కెమెరాలు ఆపుకున్నారు."

"మొహాలు చూపించడానికేం రోగం? పళ్ళు తోముకోనివాళ్ళు చెయ్యెత్తండి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక గడి వెలిగింది. ముసుగుతన్ని పడుకున్న కుర్రాడు. "ముందు లేచి కూర్చో," అంది అమ్మ. కూర్చున్నాడు.

మర్నాటి నుంచి అందరూ తలలు దువ్వుకుని ముందే హాజరు. అమ్మ పలకరింపులయ్యాక పాఠమూ వినేవాళ్ళు, ప్రశ్నలూ అడిగేవాళ్ళు. సంగతి తెలిసి హెడ్ తానే మా ఇంటికి వచ్చి చూస్తానన్నారు.

మా ఆయన పరిశోధన ముగించేశారు: విద్యార్థులను కదిలించేది బోధకుడి కంఠస్వరమట! నాకు ఒళ్ళు మండింది.

"మరి మా అమ్మ?"

"ఆవిడ ఆటంకం."

హెడ్ వచ్చేలోపు ఆటంకం ఉండకూడదని, అమ్మని అక్క దగ్గరికి పంపించేశారు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ రోజు హెడ్ వచ్చారు. "సార్, అమ్మమ్మగారు ఏరీ?" అనడిగింది ఒకమ్మాయి.

"ఊరెళ్ళారు. ఇక మనకి ఆటంకం లేదు," అన్నారు ఈయన కంఠం పెంచి.

గళ్ళు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. తర్వాత అవీ మాయమయ్యాయి. హెడ్ కాసేపు చూసి వెళ్ళిపోయారు.

ఒక్క నల్లటి గడి మిగిలింది, కింద పేరు కూడా లేదు. "చూశావా, నిజంగా నేర్చుకోవాలనుకునే విద్యార్థి!" అన్నారు నాతో. నాకు జాలేసింది.

"చెప్పండి, మిమ్మల్ని నా క్లాసులో నిలబెట్టిందేమిటి?" అని ఆ గడిని అడిగారు.

గడి వెలిగింది. అక్క ఫోన్లో అమ్మ మొహం.

"ఆ ముసుగు కుర్రాడు వెళ్ళిపోతూ నాకు లింకు పంపాడు బాబూ, మీరు ఒంటరిగా ఉంటారని. ఎవరూ లేరుగా, ఇక ఆపేసి భోంచెయ్యండి."