సారు డ్యూటీలో ఉన్నారు

ఫ్రాంక్లిన్ ఫోను మోగిందంటే యూనిస్ చెప్పే మాట ఒక్కటే. "సారు డ్యూటీలో ఉన్నారండి. నేను ఆయన మిసెస్‌ని. మీరు చెప్పింది ఆయనకు చెప్తాను."

చెప్పడానికి ఆయన ఉంటేగా! ఫిబ్రవరిలోనే పాలకొల్లు దగ్గర తమ ఊరి సమాధుల తోటలో మట్టి కప్పుకుని పడుకున్నాడు. ఇప్పుడు అక్టోబరు. మనిషి పోయినా నంబరు మాత్రం బతికే ఉంది. గడువు దగ్గరపడినప్పుడల్లా యూనిస్ కార్డు గీకి రీచార్జి చేస్తూనే వస్తోంది. ఎందుకమ్మా అని అడిగేవాళ్లు కూడా లేరు.

ఆ నంబరు ఆయన రాసిన పుస్తకం ఆఖరి పేజీలో అచ్చయి ఉంది, అదీ చిక్కు. మన తెలుగు రచయితలకు ఓ జబ్బుంది కదా, పుస్తకం వేస్తే చాలు, 'మీ అభిప్రాయం తెలపండి' అని ఫోను నంబరు వేసుకోకపోతే అన్నం సయించదు. ఫ్రాంక్లిన్ ఏమన్నా తక్కువ తిన్నాడా? పగలంతా లిఫ్టులు రిపేరు చేసి, సాయంత్రాలు కూర్చుని 'చీకటి షిఫ్టు' అని నవల రాసి, 'నిశిరాజు' అని పేరు పెట్టుకుని, దుబాయ్ నంబరు దర్జాగా వేయించాడు.

నవల్లో కథ కూడా దుబాయ్‌దే. దుబాయ్‌లో మనిషి చస్తే సరిపోదు, వీసా కూడా చావాలి. వీసా క్యాన్సిల్ కాకుండా శవం విమానం ఎక్కదు. ఈ ముక్క పట్టుకుని అల్లేశాడు. క్యాన్సిల్ కాని వీసాలతో చచ్చినవాళ్లంతా ఆ గాజు మేడల్లోనే ఉండిపోతారట. ఒక బూడిదరంగు ముదీర్ కింద, అంటే మేనేజరు కింద, వాళ్లకు చీకటి షిఫ్టు. పోతరాజు అనే లిఫ్టు మెకానిక్కుకి తప్ప వాళ్లు ఇంకెవరికీ కనబడరు. ఆ ముదీర్ నీడలు పీల్చేస్తుంటే చదివేవాడికి వెన్నులో చలి పుడుతుంది, నిజమే. కానీ చచ్చినవాళ్లున్నారే, వాళ్లు వట్టి వాగుడుకాయలు. లిఫ్టులో పోతరాజును పట్టుకుని ఊళ్లో వానలు పడ్డాయా అంటారు, ఉల్లిపాయలు కిలో ఎంత అంటారు, పేకాట దగ్గర జుట్లు పట్టుకుంటారు. జనం భయపడుతూనే పగలబడి నవ్వారు.

విజయవాడలో మూర్తిగారని చిన్న పబ్లిషరు, ఆయన వేశాడు. ఊరినుంచి వచ్చేవాళ్ల సూటుకేసుల్లో ఆవకాయ ప్యాకెట్ల మధ్య పడి దుబాయ్ చేరింది. ఒక్కో కాపీ మనవాళ్లుండే సత్వా పేటలో గదులన్నీ తిరిగి, కూలీల క్యాంపులకు వెళ్లి, కుట్టు ఊడి పేజీలు రాలేదాకా తిరిగింది. చదివినవాడల్లా ఓ మిస్డ్ కాల్ కొట్టేవాడు. ఫ్రాంక్లిన్ పనిగట్టుకుని ప్రతివాడికీ తిరిగి ఫోను చేసేవాడు. "నీ సంపాదనంతా ఈ మిస్డ్ కాల్స్‌కే సరి!" అని యూనిస్ కసురుకునేది. "పాఠకులే, నీకేం తెలుసు" అని నవ్వేవాడు.

ఫిబ్రవరిలో ఓ పొద్దున ఆమె హాస్పిటల్లో నైట్ డ్యూటీ దిగి సత్వా గదికి వచ్చేసరికి దుప్పటి ముసుగేసుకుని ఉన్నాడు. లేపుదామని పాదం పట్టుకుంది. నర్సు చెయ్యి కదా, దానికి వెంటనే తెలిసిపోయింది. ఆ చెయ్యి మిగతా యూనిస్‌కి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. పోలీసులతో మాట్లాడింది, కాన్సులేట్‌కి వెళ్లింది, వీసా క్యాన్సిల్ చేయించింది, పెట్టెతో పాటు విమానం ఎక్కింది, మట్టిలో దింపి వచ్చింది, మళ్లీ డ్యూటీలో చేరింది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ధైర్యంగల పిల్ల అన్నారు వార్డులో. ధైర్యమా, పాడా! పన్ను పీకేముందు మత్తిచ్చాక పెదవి ఉందో ఊడిందో తెలియదు చూడండి, అలా ఉంది ఆమెకు.

సత్వా గది వదిలేసి ఇంటర్నేషనల్ సిటీలో సోనీతో కలిసి ఉంటోంది. సోనీదీ అదే హాస్పిటల్, నరసాపురం పిల్ల, నోరు మూతపడదు.

ఏప్రిల్లో మూర్తిగారు ఫోను చేశాడు. "అమ్మా, పుండు మీద కారం చల్లుతున్నానని అనుకోకండి. రెండో భాగం కవరు అచ్చయి కూర్చుంది. ఫ్రాంక్లిన్ గారు ఏమన్నా రాసి పెట్టారా?"

ఫ్రాంక్లిన్ రాసి పెట్టింది పేరొక్కటే, 'చీకటి షిఫ్టు, రెండో భాగం' అని. మరి యూనిస్ నోట్లోంచి "ఉందండి, పంపిస్తాను" అని ఎందుకొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. సెలవు దొరికినప్పుడల్లా వంటింట్లో కూర్చుని రాసింది. పేషెంటు చార్టు నింపినట్టు రాసుకుంటూ పోయింది. అన్నీ పెట్టింది, పోతరాజును, ముదీర్‌ని, గాజు మేడల్ని. ఒక్కటే చేతకాలేదు. చచ్చినవాళ్ల చేత మాట్లాడించలేకపోయింది. ఎంత కూర్చున్నా వాళ్లు నోరు తెరవలేదు. ఆమె రాసిన లిఫ్టులో వాళ్లు ఎక్కుతారు, నిలబడతారు, తమ అంతస్తు వస్తే దిగిపోతారు. పోతరాజు బతిమాలతాడు, తిడతాడు, ఏడుస్తాడు. ఒక్కడూ పలకడు.

ఫ్రాంక్లిన్‌వి కోడిగీతలు కాబట్టి మొదటి భాగం శుద్ధప్రతి రాసింది కూడా ఆమే. దస్తూరీ అదే. మూర్తిగారికి అనుమానమే రాలేదు. "ఆయన కలం ఇంకా పదునెక్కిందమ్మా. పోయారన్న సంగతి ఇప్పుడే బయటపెట్టొద్దు. పోయినవాడి పుస్తకమంటే జనం అయ్యో పాపం అంటారు, కొనరు" అన్నాడు. సరేనంది.

ఆగస్టులో పుస్తకం వచ్చింది. ఫోను మోగడం మొదలైంది.

షార్జాలో సూపర్ మార్కెట్ క్యాషియరు మంజుల అట, "బాబోయ్, లిఫ్టు ఎక్కడం మానేశానండీ, రోజూ మెట్లే! సారుకి చెప్పండి, మోకాళ్లు అరిగితే ఆయనదే పాపం" అంది. అబుదాబి నుంచి ఒకాయన అరగంట మాట్లాడాడు. మొదటిదానికంటే ఇదే గొప్పదట, దెయ్యాలు మాట్లాడకపోవడం మామూలు టెక్నిక్కా అట. ఇంకొకడు పోతరాజుకి పెళ్లి చేయనందుకు అలిగాడు. వేరే ఊరి చర్చిలో సేవ చేసే ఒక బ్రదర్ మాత్రం ఇలాంటివి రాయడం పాపమనీ, సారు కోసం ఉపవాస ప్రార్థన పెడతాననీ అన్నాడు. పెట్టండి అంది యూనిస్. అందరికీ అదే పాట, సారు డ్యూటీలో ఉన్నారండి.

"ఏంటక్కా, అందరూ అలా ఆకాశానికెత్తేస్తుంటే నువ్వు గోడలా నిలబడతావు?" అని సోనీ ఓ రోజు నిలదీసింది. "పోనీ చెప్పెయ్యరాదా, ఫ్రాంక్లిన్ అన్న లేడని, రాసింది నువ్వని?"

"చెప్తే ఎవరికైనా తెలుస్తుందే. చెప్పకుండా తెలియాలి. ఇది ఆయన రాసింది కాదని ఒక్కళ్లన్నా అనాలి."

"అనకపోతే?"

"అనకపోతే ఆయన ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు."



అదీ సంగతి. జనం మెచ్చుకున్నకొద్దీ ఫ్రాంక్లిన్ ఇంకొంచెం పోతున్నాడు. ఆయన మాటలు, ఆయన వాగుడు, ఆయన నవ్వు పుస్తకంలోంచి ఊడిపోతే చదివేవాళ్లలో ఒక్కడికీ వెలితి అనిపించలేదు. ఏడుపు రావలసిన చోట ఆమెకు ఆవలింత వచ్చింది. గురువారం మూర్తిగారు మళ్లీ చేశాడు, మూడో భాగం కూడా రాసి పెట్టి ఉంటే పంపమని. శనివారం చెప్తానంది. రాస్తానని చెప్పడానికే నిశ్చయించుకుంది. ఎలాగూ ఎవరికీ పట్టనప్పుడు, ఇంకో భాగం రాస్తే ఏం, ఇంకో పది రాస్తే ఏం?

శుక్రవారం, అక్కడి సెలవురోజు, చర్చిలో ఆరాధన అయి ఇంటికొచ్చారు. సోనీ వంటింట్లో కోడికూర తిప్పుతోంది. ఫోను మోగింది. ఒక్క రింగుతో ఆగిపోయే మిస్డ్ కాల్ అనుకుంది యూనిస్. ఆగలేదు. ఎత్తింది.

"సారున్నడా అక్కా?" వెనకాల టీవీ హోరు. ఏదో మ్యాచ్.

"సారు డ్యూటీలో ఉన్నారండి. నేను ఆయన..."

"శుక్రారం గూడ డ్యూటీయేనా? గదేం కంపెనీ! సరే తియ్. నా పేరు రాజలింగం, మాది మెట్‌పల్లి దిక్కు, జెబెల్ అలీ క్యాంపుల ఉంట. సారుతోని కొట్లాడుదామని చేసిన."

"ఏమైందండీ?"

"ఏమైందా? మొదటి పుస్తకం మా రూమోళ్లకు నేనే సదివిన. ఒకడు సదువుతె అందరింటరు గద. సచ్చినోళ్లు పత్తాలాట కాడ లొల్లి పెట్టుకున్న కాడ మా గంగాప్రసాద్ నవ్వీ నవ్వీ మంచం మీదికెళ్లి కిందవడ్డడు. గీ రెండోదేందక్కా గిట్లున్నది? ఒక్కడు మాట్లాడడు!  గిది ఆ సారు రాసినట్టే లేదు."

యూనిస్ ఫోను రెండో చేతిలోకి మార్చుకుంది. రెండు నెలలుగా ఎదురుచూసిన మాట వచ్చింది, వచ్చినా ముందు ఏమీ తెలియలేదు.

"ఉన్నవా అక్కా? కోపానికి రాకు. సారును తప్పు వడుతలేను. మాకు తెల్వదా? మా రూమ్ల నిరుడు ఒకడు పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. పక్క మంచమే నాది. ఆనితోని ఏమేమో మాట్లాడాలనిపించింది, లేపితె లేవకపాయె. తర్వాత శాన దినాలు రూమంత గట్లనే ఉండె, ఎవలం మాట్లాడకపోతుంటిమి. గీ పుస్తకం సదువుతుంటె నాకు గదే యాదికచ్చింది. సారుకు ఎవలో పోయిండ్రు. ఎవలు పోయిండ్రక్కా? వాళ్ల అవ్వనా, తమ్ముడా? గదే అడుగుదామని."

యూనిస్ నోరు తెరిచింది. అలవాటైన వాక్యం నాలుక మీదనే ఉంది, సారు డ్యూటీలో ఉన్నారు, అడిగి చెప్తాను అని. సారు అనేదాకా వచ్చింది.

"సారే పోయారండి."

"ఆఁ?"

"ఫిబ్రవరిలో. నిద్రలోనే. ఈ పుస్తకం ఆయనది కాదు. నేను రాశాను."

 రాజలింగం గొంతు పక్కకు తిరిగింది. "అరే గంగాప్రసాద్, టీవీ బంద్ చెయ్."

"ఆఖరి ఓవర్లే అన్నా..."

"బంద్ చెయ్యమన్న గదరా! సారు పోయిండట."

"ఏ సారు?"

"చీకటి షిఫ్టు సారు."

"అయ్యో!" అన్నారెవరో. మ్యాచ్ ఆగిపోయింది. ఇనప మంచాలు కిర్రుమన్నాయి, మనుషులు లేచి దగ్గరికి వస్తున్నట్టు. వాళ్లెవరూ ఫ్రాంక్లిన్‌ని చూసినవాళ్లు కాదు.

"మా రూమ్ల ఎవలన్న పోతె మూడొద్దులు టీవీ పెట్టమక్కా. గంతకంటె ఇక్కడ ఏం జేస్తం చెప్పు, సావుకు పోలేం, దినాలకు పోలేం. సారు ఫిబ్రవరిల పోతె మాకు తెల్వకపాయె. మేం రోజూ మ్యాచులు సూసుకుంట కూసున్నం." అతని గొంతు నిజంగానే తప్పు చేసినవాడి గొంతులా ఉంది. "నిశిరాజు అంటె రాతపేరేమో గద. అసలు పేరేంది?"

"ఫ్రాంక్లిన్."

"ఫ్రాంక్లిన్ సారట" అని గదిలోవాళ్లకు చెప్పాడు. మళ్లీ ఫోనులోకి వచ్చాడు. "ఎట్లుండెటోడు అక్కా? మేం సూడలే గద."

ఎలా పోయాడని అందరూ అడిగారు. బీపీ ఉందా, ముందే నొప్పి వచ్చిందా, ఈసీజీ తీయించారా అని వార్డంతా అడిగింది. ఎలా ఉండేవాడని ఎవరూ అడగలేదు. మూర్తిగారికి శనివారం ఏం చెప్పాలో యూనిస్‌కి ఆ నిమిషానే తెలిసిపోయింది. మూడో భాగం ఉండదు.

"పొట్టిగా ఉండేవాడు తమ్ముడూ" అంది. "పాటలు రావు. అయినా పాడేవాడు, చర్చిలో అందరికంటే గట్టిగా. పక్కవాళ్లు జరిగి నిలబడేవాళ్లు. ఆయనకి... అసలు ఆయన నోరు..."

అంతే, అక్కడ ఆగిపోయింది.  కుర్చీలో కూలబడి, ఫోను చెవికి ఆనించుకునే, ఎనిమిది నెలల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది. గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చిన సోనీ గుమ్మంలో నిలబడిపోయింది. కూర అడుగంటిన వాసన వచ్చింది, ఎవరూ కదల్లేదు.

ఊరుకో అక్కా అని అవతల ఒక్కరూ అనలేదు. ఆ గదినిండా మనుషులున్నారని వాళ్ల ఊపిరి చెబుతూనే ఉంది. చాలాసేపటికి రాజలింగం మెల్లగా, "చెప్పక్కా, మేం ఇంటున్నం" అన్నాడు.

యూనిస్ ఏడుస్తూనే చెప్పింది.