గంతలు తీసిన గుర్రం

కొడకండ్ల దాటాక గాలి ఆగిపోయింది. రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న చేలు. ఆకు కదలడం లేదు. కారు బక్కయ్య అల్లుడు హరీశ్ నడుపుతున్నాడు. పక్కన కూతురు పద్మలత. వెనక బక్కయ్య, అతని ఒళ్లో ఆరేళ్ల మనవరాలు అమూల్య. ఊరవతల మామిడితోటలో గుర్రాల పోటీలకు పోతున్నారు.

"ఇరవై ఏండ్లు పెండ్లి బారాత్ గుర్రాలతోని బతికినవు. నువ్వు లేకుంటె ఎట్ల, మామా?" అని జనగామలో హరీశ్ పట్టుబట్టాడు. బక్కయ్య మనవరాలి కోసం వచ్చాడు. అల్లుడి కోసమైతే గడప దాటేవాడు కాదు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం వెంకటనర్సమ్మ ఛాతీ పట్టుకుని కూలబడింది. భార్యను దవాఖానకు తీసుకుపొమ్మని బక్కయ్య అల్లుణ్ని అడిగాడు. "ఏం కాదు, మామా. గ్యాస్ అయ్యుంటది. పొద్దుగాల పోదాం" అన్నాడు హరీశ్. పొద్దుగాలకు ఆమె లేదు. తరువాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బక్కయ్య మరిచిపోలేదు.

తోటలో డప్పులు మోగుతున్నాయి. మరిపెడ దిక్కు తండా నుంచి వచ్చిన హరిలాల్ ఒక తెల్లగుర్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. దాని కళ్ల పక్కన అద్దాలు కుట్టిన తోలుగంతలు. హరీశ్ అమూల్యను జీను మీద కూర్చోబెట్టి, ఫోటోకని ఫోన్ తీశాడు.

"గుర్రం మొఖమే కనబడ్తలేదు. గంతలు తియ్యి, అన్నా."

"వద్దు, సార్. అవి లేకుంట ఇది డప్పుల నడుమ ఎన్నడు నిలవడలే" అన్నాడు హరిలాల్.

బక్కయ్య గుర్రాన్ని చూశాడు. చెవులు వెనక్కి అంటుకున్నాయి. ఈగ వాలకుండానే చర్మం వణుకుతోంది.

"చిన్నప్పుడే గంతలు కడ్తరు. డప్పు వినుడే దానికెరుక, చూసుడు ఎరగదు. ముట్టకు" అన్నాడు.

హరీశ్ నవ్వాడు. "అత్తమ్మ పోయినకాంచి మామకు ఏది చూసినా చావే కనబడ్తది. ఏం కాదు."

అదే మాట. బక్కయ్య అమూల్యను ఎత్తి కిందికి దించుకుని, పది అడుగులు వెనక్కి నడిచాడు.

"బిడ్డను దించితివి. నా ఫోటోనన్న దిగనియ్యి" అని హరీశ్ ఒక గంత ఊడదీశాడు. హరిలాల్ వద్దంటూనే ఉన్నాడు. డప్పుల మేళం చెట్ల వెనక నుంచి ఇటే మళ్లుతోంది. బక్కయ్య దాన్ని చూశాడు. ఇంకోసారి చెప్పొచ్చు. చెప్పలేదు.

రెండో గంత ఊడింది. మలుపులో పది డప్పులు ఒక్కసారి పైకి లేచాయి. గుర్రం వెనక కాళ్ల మీద లేచింది. దిగింది వెల్లకిలా పడ్డ హరీశ్ తొడ మీద.

హరిలాల్ గుర్రాన్ని దూరంగా ఈడ్చుకుపోయాడు. డప్పులు ఆగిపోయాయి. పద్మలత చున్నీతో మొగుడి తొడ బిగించి కడుతోంది. చున్నీ తడుస్తోంది. జేబులోంచి పడిన కారు తాళాలు దుమ్ములో ఉన్నాయి. బక్కయ్య వంగి అందుకున్నాడు.

"మామా... జల్ది దవాఖానకు" అన్నాడు హరీశ్. పెదవులు పాలిపోయాయి.

"ఏం కాదు, అల్లుడా" అన్నాడు బక్కయ్య. "పొద్దుగాల పోదాం."

పద్మలత తల ఎత్తింది. తండ్రి ముఖంలోకి చూసింది. తాళాల కోసం రక్తం అంటిన చెయ్యి చాచింది.

బక్కయ్య పిడికిలి వెంటనే తెరుచుకోలేదు.