ఒక చుక్క ఖబర్

బోధన్ బస్టాండు ఎదుట రాజేశ్వర్ డీటీపీ షాపులో ఉర్దూ పని వస్తే సుమనే చేయాలి. పెళ్లి పత్రికలు, ఖవ్వాలీ పోస్టర్లు, అన్నీ ఆమె మీదే. ఆమెకు ఆ భాష రాదు, ఖాజా చాచా నేర్పిన అక్షరాలు మాత్రం వచ్చు. ఒకప్పుడు ఊళ్లో ప్రతి ఉర్దూ పెళ్లి పత్రికా చాచా కలంతో రాసిందే. చేయి వణకడం మొదలయ్యాక ఆయన అక్షరాల వంపులన్నీ కంప్యూటర్ ఫాంటులోకి పోయాయి, ఆయన మాత్రం షాపు బెంచీ మీద మిగిలిపోయాడు.

"చాచా, గీ చుక్క పైనా, కిందా?" అని అడిగేది సుమన. ఆయన చెప్పేవాడు. మధ్యమధ్యలో ఆమె ఫోను తీసి చూసుకోవడమూ గమనించేవాడు. మస్కట్ పోయిన భర్త వేణు నుంచి ఏడేళ్లుగా ఫోను లేదు. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియని బతుకు ఆమెది.

పోయే ముందు చాచా తన గోరీ పలక తానే చెప్పి టైపు చేయించుకున్నాడు. "మీద ఖబర్ అని కొట్టు బిడ్డా, కింద నా పేరు."

గోరీ అని చెప్పే ఖబర్‌కు రెండు చుక్కల అక్షరం, వార్త అని చెప్పే ఖబర్‌కు ఒక చుక్క అక్షరం. మన దిక్కు నోట్లో రెండూ ఒకటే. సుమన ఒక చుక్కది కొట్టింది. చాచాకు చూపు ఆనలేదు, రాతి పనివాడికి ఉర్దూ రాదు. అట్లా ఖాజా మియా గోరీ మీద 'వార్త' అని చెక్కేశారు.

చెక్కారు కదా అని రాయి వార్తలు చెప్పడం మొదలుపెట్టింది. ఖబ్రస్తాన్ గోడకు ఇవతల నిలబడి అడిగితే చాచా గొంతుతో జవాబు వచ్చేది. నిజాంసాగర్ నీళ్లు ఎప్పుడు వదులుతారు, కోటగిరి బస్సు ఎందుకు రాలేదు, ఇట్లాంటివే. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు చంకన పెట్టుకొని వచ్చి అడిగి పోయేవాళ్లు. వరుస తప్పితేనే తగువు.

సుమన మాత్రం పోలేదు. తప్పు చేసినందుకు సిగ్గని చెప్పేది గానీ, అసలు సంగతి భయం.

చివరికి ఖబ్రస్తాన్ పెద్దలు పలక మార్చాలన్నారు. "తప్పు నీదే గద సుమనా, సక్కజేసి ఇయ్యి," అన్నాడు రాజేశ్వర్. రేపటి నుంచి అడగడానికి ఉండదని ఆ మధ్యాహ్నం గోడ దగ్గరికి పోయింది.

"చాచా, మా ఆయన..." గోడకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. "పోయిండని చెప్పినా ఏడ్చి ఊకుంట. చెప్పు."

రాయిలోంచి చాచా గొంతు వచ్చింది.

"వచ్చిన కాడినుంచి అందర్నీ అడుగుతున్న బిడ్డా. మస్కట్‌ల పోయినోళ్లను, సముద్రంల పోయినోళ్లను. వేణు ఇక్కడికి రాలే."

సుమన గోడను పట్టుకుంది. రాలేదంటే బతికే ఉన్నాడు. ఏడేళ్లుగా రోజూ లేచి, తిని, చేతిలో ఫోను ఉండి కూడా. చావు కబురుకు ఆమె ఎప్పుడో సిద్ధపడింది. దీనికి పడలేదు.

"నాకెందుకు చెప్పినవ్ చాచా?"

"రాసిందే చేస్తున్న బిడ్డా. రాసింది నువ్వే."

షాపుకొచ్చి ఫైలు తెరిచింది. ఒక చుక్క అక్షరం తుడిచేసి రెండు చుక్కలది కొట్టింది. అది చాచా చేయి వణకని రోజుల్లోలాగే అందంగా వంగి నిలబడింది. ప్రింటు తీసి రాజేశ్వర్ చేతిలో పెట్టింది. మళ్లీ కూర్చొని, నుదుటి మీది బొట్టుబిళ్ల ఒలిచి తెర అంచుకు అంటించి, తర్వాతి పెళ్లి పత్రిక అందుకుంది.